కొట్టం గుమ్మం

మా ఊళ్లో గొర్రెలు కాయడం వంతులవారీగా నడుస్తుంది. ఇవాళ ఒక ఇల్లు, రేపు పక్కిల్లు. వంతు వచ్చినవాడు పొద్దున్నే వీధి పొడుగునా నడుస్తుంటే ఒక్కో గేటులోంచి గొర్రెలు వచ్చి మందలో కలుస్తాయి. సాయంత్రం మందను దింపాక, మర్నాడు వంతు ఎవరిదో వాళ్ల గేటు దగ్గర నిలబడి ఒక కేక వేస్తే అతని బాధ్యత తీరిపోతుంది. ఆ ఏడు మొదటి మంచు పడిన వారంలో వంతు మా పక్కింటి రిస్కుల్‌ది. సాయంత్రం మా గేటు దాకా వచ్చాడు. కేక కోసం నా మొగుడు కుబాత్ గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. రిస్కుల్ అతన్ని చూసి తల తిప్పుకుని, ఊరి ఆ చివరనున్న మొదటి ఇంటిదాకా మోకాలిలోతు మంచులో నడిచి వెళ్లి అక్కడ కేక వేశాడు.

మాది ఊరి కొసన, కొండదారి మొదట్లో ఉండే ఇల్లు. వంతులో మమ్మల్ని దాటేశారంటే మా గొర్రెల్ని కూడా మందలో కలవనివ్వరని అర్థం. మర్నాటినుంచి మా పదకొండు గొర్రెల్ని కుబాత్ ఒక్కడే తోలుకెళ్లేవాడు. కూలిపనికి కొచ్కోర్ పట్నం వెళ్లడం మానేశాడు.

ఊరంతా అల్లాను కొలిచేవాళ్లే. కుబాత్ క్రీస్తును నమ్ముకున్న సంగతి వాళ్లకి కొత్త కాదు. తలుపులు వేసుకుని మేం ప్రార్థన చేసుకున్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఆ వేసవిలో ఇంటికి ఒక గది చేర్చాడు. నేలకి చెక్కలు పరిచాడు, గోడలకి నీలంరంగు వేశాడు, బెంచీలు చేయించాడు. "ఇది ప్రార్థన గది, ఎవరైనా రావచ్చు" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. అప్పుడొచ్చింది తంటా. తెల్లగడ్డాల పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కకూడదన్నారు. ఆ ఇంట్లో చావైనా పెళ్లైనా ఊరికి సంబంధం లేదన్నారు. అందరికంటే గట్టిగా ఒట్టు పెట్టుకున్నది రిస్కులే. చిన్నప్పుడు కుబాత్‌తో ఒకే కంచంలో తిన్నవాడు.

పెద్దల మాట ఎక్కువగా తగిలింది మా అత్త బూబూకాన్‌కి. ఆవిడ మా ప్రార్థనలకి వచ్చేది కాదు, వద్దనేదీ కాదు. చిన్నకొడుకు పొయ్యి దగ్గరే తల్లి ఉండాలన్నది మా పద్ధతి కాబట్టి మా దగ్గరే ఉండేది.

ఆ క్రిస్మస్‌కి కుబాత్ ఊరందర్నీ పిలిచాడు. నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. "రానని ఒట్టు పెట్టుకున్నవాళ్లని పిలవడం దేనికి, పరువు పోగొట్టుకోడానికా?" అన్నాను. "పిలిస్తే ఎందుకు రారే? అంత మంచి గది చూస్తే వాళ్లే మెత్తబడతారు" అన్నాడు. పోతుగొర్రెను కోశాడు. నేను ఏడో నెల కడుపుతో పొద్దుటినుంచి పిండి పిసికి, దారాల్లా కోసి, పెద్ద గిన్నెలో మాంసంతో కలిపి బేష్‌బర్మాక్ చేశాను. నారింజపళ్లు తెచ్చి పళ్లేల్లో పేర్చాను. మధ్యాహ్నానికి పక్క ఊరినుంచి మా సంఘంవాళ్లు అయిదుగురు వచ్చారు. మా ఊరినుంచి ఒక్క పిట్ట రాలేదు. కుబాత్ కొత్త చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. మాంసం మీద కొవ్వు గడ్డకట్టింది.

చివరికి లోపలికి వచ్చి, ఖాళీ బెంచీల ఎదుట నిలబడి, గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూత వచ్చిన భాగం చదివాడు. పక్కగదిలో తలుపు తెరిచి పెట్టుకుని ఉన్ని దువ్వుతున్న అత్త, చదవడం కాగానే అక్కడినుంచే అడిగింది:

"ఒరే, ఆ కాపరులది ఆ వేళ వంతా?"

"వంతని రాయలేదమ్మా. మంద కాస్తున్నారని ఉంది."

"అయితే వంతే. లేకపోతే చలిలో బయట ఎవడు పడుంటాడు? సర్లే, అంత మంచి కబురు చెప్పాడే దేవదూత, అతనికి సుయుంచు ఏమిచ్చారు?"

మాలో ఎవరైనా శుభవార్త మోసుకొస్తే "సుయుంచు!" అని అరుస్తూ వస్తారు. విన్నవాడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. కుబాత్ పుస్తకంలోకి చూసి, తల గోక్కున్నాడు.

"ఏమీ ఇచ్చినట్టు లేదమ్మా."

"సిగ్గులేని జనం! పోనీ బిడ్డను చూశారుగా, చూపుకానుక?"

"కాపరులిచ్చినట్టు లేదు. తరవాత తూర్పునుంచి జ్ఞానులొచ్చి బంగారం ఇచ్చారు."

"బంగారం ఉన్నోళ్లు ఎప్పుడూ అంతా అయ్యాకే వస్తారు" అంది అత్త. పక్క ఊరివాళ్లు పకపకా నవ్వారు. ఆ పూట మా ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడే. అత్త మాత్రం నవ్వలేదు. దువ్వెన ఆపింది.

"అంత గొప్ప దేవుడికి ఒక ఇల్లు దొరకలేదుట్రా? కొట్టంలో ఎందుకు పుట్టాడు?"

"మనకి తగ్గింపు నేర్పడానికమ్మా" అన్నాడు కుబాత్. పట్నంలో పాస్టరుగారు చెప్పిన జవాబే అది.

"తగ్గి ఉండటం నాకొకడు నేర్పాలా? డెబ్బై ఏళ్లుగా తగ్గే ఉన్నా. ఇంకేదో కారణం ఉంటుంది. ఆలోచించుకో."

వచ్చినవాళ్లు వెళ్లాక నేను గిన్నెలు తోముతుంటే అత్త వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. "ఎసెన్‌కి కబురు పెట్టు. మంచు కరిగి దారి తెరుచుకోగానే వచ్చి నన్ను తీసుకెళ్లమను" అంది. ఎసెన్ అంటే మా పెద్దబావగారు, కొచ్కోర్‌లో ఉంటాడు.

"అదేంటత్తా! చిన్నకొడుకు ఇల్లొదిలి పోతావా? జనం మమ్మల్నేమంటారు?"

"ఇంకా అనడానికేం మిగిలిందే పిచ్చిదానా? నేను పోతే మొయ్యడానికి మనుషులు కావాలి, గొయ్యి తవ్వడానికి కావాలి. ఈ గుమ్మంలోంచి నా శవం ఎవడు మోస్తాడు? నీ మొగుడొక్కడూ భుజానేసుకుని పోతాడా? వాడి దేవుడితో నాకు తగాదా లేదు. కానీ నేను దిక్కులేనిదాన్లా పోను."

ఆవిడంటే నాకు భయం. కానీ ఆవిడ లేని ఆ ఇంటిని ఊహించుకుంటే అంతకంటే భయం వేసింది. కుబాత్‌కి చెబితే ఆ రోజునుంచి నీలంగది తలుపు తియ్యడం మానేశాడు. తల్లిని ఆపమని దేవుణ్ణి అడిగేవాడు, తల్లిని మాత్రం అడగలేకపోయాడు.

మార్చి మొదట్లో గొర్రెలు ఈనడం మొదలైంది. మా పెద్దపిల్లను నా పుట్టింటికి పంపేసి, బరువైన కడుపుతో నేను కొట్టంలోనే తిరిగేదాన్ని. నాకింకా రెండు వారాలుందని నర్సు చెప్పింది. ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. కొండమీదనుంచి మంచు అడ్డంగా కొట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి గేటు కూడా కనపడకుండా పోయింది. నేను కొట్టంలో ఈనుతున్న గొర్రె పక్కన కూర్చున్నాను, అత్త పిల్లను లాగుతోంది. అప్పుడు నాకు మొదటి నొప్పి వచ్చింది. నడుం నొప్పనుకుని ఊరుకున్నాను.

బయట అరుపులు వినపడ్డాయి. కుబాత్ గేటు తీశాడు. గేటవతల మంద, మంద వెనకాల రిస్కుల్. ఆ వేళ వంతు మళ్లీ అతనిది. కనుబొమలు మంచుతో అతుక్కుపోయాయి. ఊళ్లోకి మందను తోలడం కుదరక మా గేటు దగ్గర ఇరుక్కుపోయాడు.

"ఒరే, మందను నీ కొట్టంలోకి తోలనియ్యి. లేకపోతే సగం చస్తాయి" అని అరిచాడు.

"తోలు తోలు! నువ్వు ఇంట్లోకి పద. చేతులు చూడు, కొయ్యల్లా అయ్యాయి."

"ఇంటి గుమ్మం తొక్కను. ఒట్టు పెట్టుకున్నా."

"అయితే బయటే చస్తావా?"

రిస్కుల్ ఆ మంచులో నిలబడే కాసేపు ఆలోచించాడు. అంత గాలిలో ఆలోచించే మనిషిని నేను మళ్లీ చూడలేదు. "కొట్టం గురించి పెద్దలేమీ అనలేదు" అని, గొర్రెలతోపాటు లోపలికి దూరాడు.

ఊరి గొర్రెలన్నీ మా కొట్టంలోకి వచ్చిపడ్డాయి. మోకాళ్లు కదిపే చోటు లేదు. తడి ఉన్ని వాసన, పేడ వాసన, అరుపులు. ఇంతలో నాకు ఇంకో నొప్పి వచ్చింది. ఈసారి కేక ఆపుకోలేకపోయాను. అత్త నా ముఖం చూసి, చేతులు స్కర్టుకి తుడుచుకుని, పొట్టమీద చెయ్యి పెట్టింది.

"ఇంట్లోకి పోదాం అత్తా" అన్నాను.

"ఇంట్లోకా? వాకిట్లో నడుంలోతు మంచుంది. సగం దారిలో కంటావా? ఇక్కడే."

"మగాళ్లున్నారు!"

"ఒరే రిస్కుల్!" అంది అత్త వెనక్కి చూడకుండానే. "ఆ మూలకి పోయి గోడకేసి తిరిగి నిలబడు. ఇటు తిరిగావో, కళ్లు పీకుతా. ఆ పోతుల్ని ఇటు రానివ్వకు. కుబాత్, నువ్వు పోయి వేణ్ణీళ్లు తే."

"అలాగే పెద్దమ్మా" అన్నాడు రిస్కుల్ గోడతో.

అత్త పొడి గడ్డి పరిచింది. పురుళ్ల సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు కాబట్టి ఆవిడ చెప్పినట్టే చేశాను, మధ్యమధ్యలో ఆవిణ్ణీ కుబాత్‌నీ ఇద్దర్నీ తిట్టాను. "నా చెయ్యి కాదు, ఉమాయ్ తల్లి చెయ్యి" అని అత్త పాతకాలం మంత్రసానుల్లా, పురుళ్లు కాచే ఆ దేవతను తలుస్తూనే ఉంది. నీళ్లు తెచ్చిన కుబాత్ తలుపవతల మంచులో మోకాళ్లమీద కూర్చుని యేసును పిలుస్తున్నాడు. మూలనుంచి రిస్కుల్ అల్లాను తలుచుకుంటున్నాడు. నేను ఎవర్నీ పిలిచే స్థితిలో లేను. వెలుతురు ఇంకా ఉండగానే బిడ్డ పుట్టాడు. నా పక్కనే ఆ తల్లిగొర్రె తన పిల్లను నాకుతోంది.

"మగపిల్లాడు! చుట్టడానికేమైనా ఇవ్వండ్రా, తడిసిపోయాడు" అని అత్త అరిచింది. కుబాత్ కోటు బయట మంచులో నానిపోయింది. రిస్కుల్ గోడవైపే ముఖం పెట్టుకుని తన గొర్రెతోలు కోటు విప్పి వెనక్కి చాచాడు. నాకు అప్పుడు కన్నీళ్లు ఆగలేదు. నొప్పికి ఏడ్చాననుకుని ఉంటారు.

గాలి తగ్గాక అత్త అతన్ని పిలిచింది. "ఇప్పుడు తిరగొచ్చు. చూడు."

మామూలుగా అయితే నలభై రోజుల దాకా పరాయి కన్ను పడనివ్వరు. రిస్కుల్ చూశాడు. చూసి, జేబులు తడుముకున్నాడు. ఏమీ లేవు.

"కోటు ఇవ్వను. అదే నీ చూపుకానుక" అంది అత్త. "నువ్విక పోయి ఊళ్లో చెప్పు. గొర్రెలు క్షేమమని చెప్పు, బోరోన్‌బై పుట్టాడని చెప్పు. మంచుతుఫానులో పుట్టాడు, ఇంకేం పేరు పెడతాం?"

"నేనా పెద్దమ్మా? పెద్దలు..."

"కబురు తెలిసినవాడు నోరు మూసుకుని పోతే ఎంత చెడ్డో తెలీదా నీకు? పో!"

పోయాడు. రిస్కుల్ కుబాత్ తడికోటు తొడుక్కుని, "సుయుంచు! సుయుంచు!" అని వీధి పొడుగునా అరుచుకుంటూ పోయాడు. ఆ కేక విన్నాక ఏమీ ఇవ్వకుండా తలుపేసుకోవడం మావాళ్ల చేతకాదు. ఏ ఇంట్లో ఏమిచ్చారో గానీ తరవాత చాలా రోజులు అతని పిల్లలు మిఠాయిలు నములుతూ కనిపించారు.

ఆ వెనకే జనం వచ్చారు, ఎవరి గొర్రెల్ని వాళ్లు విడదీసుకోడానికి. గేటు దాకా వచ్చి ఆగారు. ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. "కొట్టంలోకే కదరా, ఇంట్లోకి కాదుగా" అని రిస్కుల్ ముందు దూరాడు. ఒక్కొక్కరే వచ్చారు. గొర్రెల కోసం వంగితే నేను కనపడేదాన్ని, నా చేతుల్లో వాడు కనపడేవాడు. కొత్తబిడ్డను చూసి వట్టిచేతుల్తో పోతే మహాపాపం. అత్త గడ్డిమోపు మీద కూర్చుని కాపలా కాసింది.

"ఏం ఆస్కార్, చూశావా? చూస్తే చెయ్యి జేబులో పెట్టు."

"గొర్రె కోసం వచ్చాను పెద్దమ్మా..."

"గొర్రె ఎక్కడికీ పోదులే. పెట్టు."

ఎండబెట్టిన పెరుగు ఉండలు, చక్కెర ముక్కలు, ఎవరిదో తలగుడ్డ, ఒకడు అప్పుడే పుట్టిన తన గొర్రెపిల్లనే ఇచ్చేశాడు. క్రిస్మస్‌కి నేను చేసిన మాంసం ముట్టని ఆడవాళ్లు నా తల కింద దిండు సర్దారు. నాకు సంతోషంగానూ ఉంది, ఒళ్లు మండుతూనూ ఉంది. ఇంటికి రాలేనివాళ్లకి కొట్టం ఎలా తీపైందో అడగాలనిపించింది. అడగలేదు.

అందరికంటే చివర ఇమాన్‌కుల్ తాత వచ్చాడు. పెద్దల్లో పెద్దవాడు. ఆ తీర్పు చెప్పినవాడు కూడా ఆయనే. కర్ర మీద ఆనుకుని, కొట్టం వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది కొట్టమేనా బూబూకాన్?"

"ముక్కు పనిచెయ్యడంలేదా నీకు? ఇంకేమిటనుకున్నావు?"

వంగి లోపలికొచ్చాడు. బూటు నిండా పేడైంది. బిడ్డ పక్కన తన నడికట్టులోని చిన్న కత్తిని కానుకగా పెట్టి, రెండు అరచేతులూ చాచి దీవించాడు. కుబాత్ కూడా అరచేతులు చాచాడు. ఇద్దరూ ఒకే మాటతో ముగించారు, "ఆమీన్" అని. వాళ్లు ఒకర్నొకరు చూసుకోలేదు.

తరవాత కొన్ని రోజులకి కుబాత్ కొట్టంలో పేడ ఎత్తుతూ ఉన్నట్టుండి పార ఆపాడు.

"జూరా, అమ్మ అడిగినదానికి జవాబు దొరికిందే."

"నీకు జవాబు దొరికింది, నాకు నడుంనొప్పి దొరికింది. చెప్పు."

"ఇంటికి గుమ్మం ఉంటుంది. ఎవరు రావాలో ఎవరు రాకూడదో అక్కడే తేలిపోతుంది. కొట్టంలోకి ఎవడైనా రావచ్చు, పేడ బూట్లతో రావచ్చు, ఒట్టు పెట్టుకున్నవాడూ రావచ్చు. ఆయన మంచి ఇంట్లో పుట్టి ఉంటే ఆ కాపరులు వీధిలోనే నిలబడిపోయేవాళ్లు. వాళ్లు జంకకుండా అడుగు పెట్టగల చోటు చూసుకుని, అక్కడ పుట్టాడు. నేనేమో గోడలకి నీలంరంగు వేసుకుని, నా దగ్గరికే రండని పిలుస్తూ కూర్చున్నా."

నాకు నిజమనిపించింది. వెళ్లి అత్తకి చెప్పాను. ఆవిడ విని తల ఊపింది. "ఇది బావుంది. తగ్గింపు కంటే ఇది బావుంది" అంది. ఆ వెంటనే, "ఎసెన్ ఎప్పుడొస్తానన్నాడు?" అని అడిగింది.

"అత్తా! అంతమంది వచ్చాక కూడానా?"

"పుట్టినవాణ్ణి చూడ్డానికి వచ్చారే. పోయినదాన్ని మొయ్యడానికి వస్తారా? ఇంకా ఒక్కడైనా మన వంతు పిలిచాడా?"

నిజమే. పిలవలేదు. వాన పట్టినా మంచు పట్టినా మంద మా కొట్టంలో ఆగేది. కాపరులు అక్కడే నేను పంపిన టీ తాగేవాళ్లు. కుబాత్ నీలంగది ఊసెత్తకుండా వాళ్ల పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని గొర్రెల కబుర్లు చెప్పేవాడు. అయినా సాయంత్రం కేక మాత్రం మా గేటు దాటి పోయేది. వసంతంలో వచ్చే నౌరూజ్ పండగ వెళ్లింది. దారి తెరుచుకుంది. పెద్దలు మళ్లీ కూర్చున్నారని ఎవరో అన్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఎసెన్ బావగారు ఒక సాయంత్రం కారులో వచ్చాడు. అత్త మూట కట్టుకుంది: తలకి చుట్టుకునే తెల్లగుడ్డ, ఉన్ని దువ్వెన, తన చావుకోసం దాచుకున్న బట్ట. కుబాత్ మూట వంక చూడలేక చంటాణ్ణి ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేనూ, అత్తా, బావగారూ టీ గిన్నెల ముందు కూర్చున్నాం. బయట మంద దిగుతున్న చప్పుడైంది. మా గేటు దగ్గర ఆగింది. ఎప్పట్లాగే ఆగి కదులుతుందనుకున్నాను.

"ఒరే కుబాత్!" రిస్కుల్ గొంతు. "రేపు వంతు మీది! గొర్రెపిల్లలున్న మంద, ఇద్దరు రావాలి. పొద్దెక్కేదాకా పడుకున్నావో, ఊరంతా తిడుతుంది!"

కుబాత్ తలుపు దాకా వెళ్లాడు. చంటాణ్ణి ఎత్తుకునే గేటువైపు చూస్తూ నిలబడ్డాడు. అత్తే కూర్చున్నచోటినుంచి గట్టిగా బదులిచ్చింది: "విన్నాంలే! చెవిటివాళ్లం కాదు!"

పొద్దున బావగారు కారు వేడెక్కించి, మూట వెనకసీట్లో పెట్టి, తల్లి కోసం చూశాడు. ఇంట్లో లేదు. వాకిట్లో రబ్బరు బూట్లు తొడుక్కుని, కర్ర పట్టుకుని, కొడుకు పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, బయల్దేరదాం. మధ్యాహ్నానికి వానపడితే కనుమ దాటలేం."

"ఇవాళ ఎలా వస్తానురా? మాది వంతు."

"రేపు పోదామంటావా?"

"రేపూ కాదు. ఆ మూట ఇంట్లో పెట్టేసి పో. వంతున్న ఇంటి ముసల్దాన్ని నేను, ఎక్కడికి వస్తాను?"

బావగారు నన్ను చూశాడు. నేను చంటాణ్ణి చంకనేసుకుని మా గొర్రెల్ని గేటు బయటికి తోలాను. తల్లీకొడుకులు వీధిలోకి నడిచారు. రిస్కుల్ గేటు తెరుచుకుంది, ఆ పక్కది తెరుచుకుంది, ఇమాన్‌కుల్ తాతది తెరుచుకుంది. ప్రతి గేటులోంచీ గొర్రెలొచ్చి కలిశాయి. వీధి మలుపులో మా గొర్రెలు ఎక్కడున్నాయోనని వెతికాను. మునివేళ్ల మీద నిలబడి చూశాను. మావి ఏవో, ఊరివి ఏవో నాకు తెలియలేదు.